తేదీయు తిథియు : ఆగష్టు 15 నేర్పు పాఠము

కాలము అఖండమైనది. ప్రవహించు నదియందు గీతలు గీయుట ఎట్లు సాధ్యము కాదో, అట్లే కాలమునందును నిజమైన హద్దు లేవియు లేవు. అయినను మానవుడు తన వ్యవహారము కొరకు దానిని సంవత్సరములుగను, మాసములుగను, దినములుగను విభజించుకొనెను. విభజించుకొనిన పిమ్మట ఆ దినములలో కొన్నిటిని ప్రేమించెను. కొన్నిటిని తలచి భయపడెను. ఒక మహాపురుషుడు జన్మించిన తేదీననే ఒక జాతి దాస్యవిముక్తి నొందినచో, ఇది యాదృచ్ఛికమా, దైవసంకల్పమా యను ప్రశ్న తనంత తానే మనస్సున ఉదయించును. ఈ ప్రశ్న కుతూహలమాత్రమైనది కాదు. దీనికి ఇచ్చుకొను సమాధానమునుబట్టి భక్తి వివేకముతో కూడి నిలుచుటయో, మూఢవిశ్వాసముగా దిగజారుటయో జరుగును. కావున ఒక ప్రత్యక్షోదాహరణముతో దీనిని పరిశీలించుట సాధకునకు మేలు. పుదుచ్చేరి పట్టణ చరిత్రయందు అట్టి ఉదాహరణము లభించుచున్నది.

పుదుచ్చేరియందు ఆగష్టు 15

సముద్రతీరమందలి ఈ పట్టణమున ఆగష్టు 15వ తేదీన మూడు ఉత్సవములు ఏకకాలమున జరుగును. ప్రభుత్వ కార్యాలయములపై త్రివర్ణపతాకము ఎగురును. కథోలిక దేవాలయములలో మరియమాత మోక్షారోపణ పండుగ జరుగును. శ్రీ అరవిందాశ్రమమున ఆ మహనీయుని జయంతి. సమాధిని దర్శింప వచ్చినవారు మౌనముగా వరుసతీరి సాగుదురు. ఒకే ఉదయమున ఒకరు దేశమాతకును, ఒకరు దేవమాతకును, మరియొకరు గురుదేవునకును నమస్కరింతురు. మూడింటికిని తేదీ ఒక్కటియే; మూలములు మాత్రము వేరు.

శ్రీ అరవిందులు 1872 ఆగష్టు 15వ తేదీ గురువారమున కలకత్తా నగరమున జన్మించిరి. బాల్యమునందే విద్యకొరకు ఇంగ్లాండునకు పంపబడి, తిరిగివచ్చి బరోడా సంస్థానమున కొలువుచేసి, వంగదేశమున జాతీయోద్యమమునకు నాయకులైరి. 1908 మే నెలలో నిర్బంధింపబడి, ఒక సంవత్సరకాలము ఆలీపూరు కారాగృహమున నుండి, 1909 మే 6వ తేదీన నిర్దోషులుగా విడుదల నొందిరి. ఆ కారాగారవాసమే వారి జీవితమును మలుపు త్రిప్పినది. 1910 ఏప్రిలు 4వ తేదీన ఓడ దిగి ఫ్రెంచివారి యేలుబడిలోని పుదుచ్చేరి చేరిరి. అప్పటినుండి 1950 డిసెంబరు 5వ తేదీన దేహము చాలించువరకు, నలువది సంవత్సరములకు పైగా, ఆ పట్టణమును విడువలేదు.

1914 ఆగష్టు 15వ తేదీన వారు 'ఆర్య' యను మాసపత్రికను ప్రారంభించిరి. 'దివ్యజీవనము', 'యోగసమన్వయము', 'గీతావ్యాసములు', 'వేదరహస్యము' మున్నగు వారి ప్రధానగ్రంథములు తొలుత ఈ పత్రికయందే క్రమముగా వెలువడెను. ఐరోపాఖండమున మహాయుద్ధము మొదలై అప్పటికి రెండు వారములే గడచెను. ఒకవైపు రాజ్యములు పరస్పర వినాశమునకు సన్నద్ధములగుచుండగా, వేరొకవైపు ఒక చిన్న పట్టణమునుండి మానవజాతి యైక్యమును బోధించు పత్రిక వెలువడెను. విచిత్ర మేమనగా, అదే తేదీన పనామా కాలువ నౌకలరాకపోకలకు తెరవబడి, రెండు మహాసముద్రములు కలుపబడెను. 'ఆర్య' ప్రారంభమునకు జన్మదినమును ఎన్నుకొనుట బుద్ధిపూర్వకము. పనామా కాలువ తెరచుటకును దానికిని ఎట్టి సంబంధమును లేదు. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

స్వాతంత్ర్యదినము నిర్ణయమైన విధము

1947 ఆగష్టు 15వ తేదీ ఎట్లు ఏర్పడినదో తెలిసికొందము. ఆ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన బ్రిటిషు ప్రధానమంత్రి అట్లీ, 1948 జూను లోపల భారతదేశమున అధికారమును అప్పగింతుమని ప్రకటించెను. మార్చి నెలలో మౌంట్‌బాటన్ రాజప్రతినిధిగా వచ్చెను. దేశవిభజన ప్రణాళిక జూను 3వ తేదీన వెల్లడియయ్యెను. మరునాడు పత్రికాప్రతినిధుల సమావేశమున ఆయన అధికారసంక్రమణము ఆగష్టు 15 ప్రాంతమున జరుగునని తెలిపెను. ఆ తేదీ తన మనస్సునకు వచ్చుటకు కారణము, 1945 ఆగష్టు 15న జపాను లొంగిపోవుటయే యని మౌంట్‌బాటన్ తరువాతికాలమున చెప్పుకొనెను. ఆగ్నేయాసియా సైన్యములకు ఆయనయే అధిపతిగా నుండెను గనుక ఆ విజయదినముపై ఆయనకు మక్కువ యుండుట సహజము. పార్లమెంటు ఆమోదించిన స్వాతంత్ర్యచట్టమునకు జూలై 18వ తేదీన రాజాంగీకారము లభించెను, తేదీ స్థిరపడెను.

ఈ వరుసయందు ఎచ్చటను శ్రీ అరవిందుల జన్మదినము ప్రసక్తికి రాలేదు. ఒక సేనాని జ్ఞాపకము, ఒక ప్రభుత్వము తొందర, ఒక చట్టము – ఇవియే లోకదృష్టికి గోచరించు కారణములు. అయినను ఫలితముగా వెలసిన దినము, తొలినాటి సంపూర్ణస్వాతంత్ర్యవాదులలో అగ్రగణ్యుడైన ఒకరి డెబ్బది యైదవ జన్మదినమయ్యెను.

తిరుచిరాపల్లి రేడియో కేంద్రమువారి కోరికపై శ్రీ అరవిందులు ఆ సందర్భమున ఒక సందేశము నొసగిరి. ఈ కలయికను తాము గ్రుడ్డి యాదృచ్ఛికముగా భావింపక, తమ యడుగులను నడిపించుచున్న దైవశక్తి, తమ జీవితకార్యమునకు వేసిన యామోదముద్రగా గ్రహింతుమని వారు తెలిపిరి. పిమ్మట తమ యైదు ఆశయములను వివరించిరి. భారతదేశము స్వతంత్రమును సమైక్యమును కావలెను. ఆసియా ప్రజలు మేల్కొనవలెను. ప్రపంచరాజ్యములు ఒక కూటమిగా ఏర్పడవలెను. భారతదేశపు ఆధ్యాత్మికసంపద లోకమునకు అందవలెను. మానవుని చైతన్యము ఇప్పటి మెట్టును దాటి ఉన్నతభూమికకు ఎదుగవలెను. మొదటి యాశయము సగమే నెరవేరినదని వారు దాచలేదు. దేశము స్వతంత్రమైనది గాని విభక్తమైనది. ఆ విభజనము శాశ్వతముగా నిలువరాదని వారు స్పష్టముగా చెప్పిరి.

తిథిని బట్టి చూచినచో

ఇచ్చట ఒక పూర్వపక్షము తలయెత్తును. ఆగష్టు 15 అనునది ఐరోపీయుల క్రమమునందలి తేదీ. మన సంప్రదాయమునకు తిథి ప్రధానము. తిథినిబట్టి చూచినచో ఈ రెండు దినములు ఒక్కటియేనా?

కావు. శ్రీ అరవిందుల జననము ఆంగీరస నామ సంవత్సర శ్రావణ శుక్లపక్షమున జరిగెను. 1947 ఆగష్టు 15 శుక్రవారము సర్వజిన్నామ సంవత్సర అధిక శ్రావణ బహుళ చతుర్దశి. ఒకటి చంద్రుడు నిండుచున్న పక్షము. రెండవది చంద్రుడు క్షీణించి అమావాస్యకు సమీపించిన దినము. అదియును శుభకార్యములకు పనికిరాదని పెద్దలు విడిచిపెట్టు అధికమాసము. కావుననే జ్యోతిష్కులు పలువురు ఆ దినమునకు ఆక్షేపణ తెలిపిరి. తుదకు 14వ తేదీ రాత్రి రాజ్యాంగసభ సమావేశమై, నడురేయి గడియారము పండ్రెండు కొట్టినంతనే అధికారమును స్వీకరించుట జరిగెను. ఆంగ్లగణనమున దినము నడురేయి మారును. మన గణనమున సూర్యోదయముతో మారును. కావున ఆ ఘడియ ఒక లెక్కకు శుక్రవారము, వేరొక లెక్కకు ఇంకను గురువారము.

ఇట్టి చిక్కే శ్రీరామకృష్ణ పరమహంసల మహాసమాధి విషయమునను కలదు. 1886 ఆగష్టు 15 ఆదివారము రాత్రి, నడురేయి దాటిన పిమ్మట సుమారు ఒంటిగంటవేళ, కాశీపూరు ఉద్యానగృహమున వారు మహాసమాధి నొందిరి. గ్రంథములు దానిని 16వ తేదీగా వ్రాయును. సూర్యోదయగణనమున అది యింకను ఆదివారపు రాత్రియే. పరమహంసలు దేహము విడిచిన క్షణము ఒక్కటియే. దానికి పెట్టిన పేరు మాత్రము రెండు విధములు. 1957 మార్చి 22వ తేదీనుండి అమలునకు వచ్చిన జాతీయపంచాంగమున చూచినచో ఆగష్టు 15వ తేదీకి శ్రావణము 24 అని మూడవ పేరు వచ్చును.

దీనినుండి తేలున దేమి? తేదీయు, తిథియు రెండును కొలమానములు. బట్టను గజములతో కొలిచినను మూరలతో కొలిచినను బట్ట మారదు. ఒక కొలమానమున రెండు సంఘటనలు ఒకచోట పడుటయు, మరియొక కొలమానమున విడివడుటయు ఆ సంఘటనల స్వభావమును మార్చజాలవు. పవిత్రత అంకెయందున్నచో కొలమానము మారినంతనే అది నశింపవలెను. అట్లు నశించునది పవిత్రత కానేరదు.

ఒకే దినము, పలు ముఖములు

ఆగష్టు 15ను శుభదినమని మాత్రమే చెప్పుట సత్యమునకు సగము. 1947లో ఆ దినమున ఢిల్లీ నగరము ఆనందసముద్రమున తేలియాడుచుండగా, గాంధీమహాత్ముడు అచ్చట లేడు. మతకలహములతో దగ్ధమైన కలకత్తాలో, బెలియాఘాటా ప్రాంతమందలి ఒక పాత గృహమున, ఉపవాసముతోను ప్రార్థనతోను రాట్నముతోను ఆయన ఆ దినమును గడపెను. ఆయనకు అది మరియొక స్మృతిని కూడ తెచ్చు దినము. సరిగా ఐదేండ్లకు పూర్వము, 1942 ఆగష్టు 15న, ఆగాఖాన్ భవనమున నిర్బంధమునందుండగా, పుత్రసమానుడైన కార్యదర్శి మహాదేవ దేశాయి ఆయన సన్నిధిని ప్రాణములు విడిచెను. పంజాబులోను వంగదేశమునను లక్షలాది ప్రజలు ఇల్లు వాకిళ్లు విడిచి పరుగిడుచుండిరి. సరిహద్దులు ఎచ్చట పడినవో ఆగష్టు 17వ తేదీవరకు వారికి తెలియనైన తెలియదు.

పుదుచ్చేరిలోనే చూచినను ఆ దినము కేవలము పండుగ కాలేదు. పట్టణము ఇంకను ఫ్రెంచివారి యధీనముననే యుండెను. ఆ సాయంకాలము కొందరు దుండగులు ఆశ్రమముపై దాడి సలిపిరి. శ్రీ అరవిందులకు స్వయముగా పరిచర్య చేయుచుండిన ఆశ్రమవాసి యొకడు కత్తిపోట్లకు బలియయ్యెను. గురుదేవుని జన్మదినము, దేశపు జన్మదినము, నిరపరాధియైన యొక సేవకుని మరణదినము – మూడును ఒక్కటియే యయ్యెను. దినమునకు స్వతస్సిద్ధమైన శుభత్వ ముండినచో ఈ రక్తపాత మేల? దైవముద్ర పడినదని నమ్మిన స్థలముననే యిది యేల జరుగవలెను? ఈ ప్రశ్నను తప్పించుకొని పోవు భక్తి బలమైన భక్తి కాదు.

ఆంధ్రజాతి విషయమునను ఆ దినము ఒకే రీతిగా ఉదయింపలేదు. మదరాసు రాజధానిలోని ఆంధ్ర జిల్లాలు నాడు స్వతంత్రములయ్యెను. నైజాము రాజ్యమందలి తెలంగాణమున జాతీయపతాకము నెగురవేయుట నేరము; హైదరాబాదు రాష్ట్ర కాంగ్రెసు నాయకులును సన్న్యాసియునగు స్వామి రామానందతీర్థులు ఆ సందర్భముననే నిర్బంధింపబడిరి. ఆ ప్రజలకు విముక్తి 1948 సెప్టెంబరు 17వ తేదీవరకు రాలేదు. గౌతమీతీరమున, నాలుగుదిక్కుల తెలుగునేల చుట్టియున్న యానాము ఫ్రెంచిపతాకము క్రింద మరి యేడేండ్లు వేచియుండెను. భాష యొక్కటి, తేదీ యొక్కటి, గతులు మూడు. సూర్యుడు అందరకు ఒకేసారి ఉదయించెను గాని స్వేచ్ఛ అట్లు ఉదయింపలేదు.

నవంబరు 1

ఆగష్టు 15 ఇయ్యలేకపోయిన దానిని పుదుచ్చేరికి నవంబరు 1 ఇచ్చెను. దాని వెనుక ప్రజల దీర్ఘప్రయత్నము కలదు. 1954 జూను 13వ తేదీన దడాల రఫేలు రమణయ్య మున్నగువారి నాయకత్వమున యానాము విముక్తి నొందెను. జూలైలో మాహే విముక్తమయ్యెను. అక్టోబరు 18వ తేదీన పుదుచ్చేరి సమీపమందలి కీళూరు గ్రామమున ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమైరి. భారతదేశమున విలీనమగుటకు 170 మంది అనుకూలముగను, ఎనమండుగురు ప్రతికూలముగను మత మిచ్చిరి. అక్టోబరు 21న ఉభయప్రభుత్వములు ఒడంబడిక చేసికొనెను. నవంబరు 1వ తేదీన పరిపాలనము భారతప్రభుత్వము వశమయ్యెను. చట్టసమ్మతమైన సంపూర్ణసంక్రమణము మాత్రము 1962 ఆగష్టు 16వ తేదీన జరిగెను. రెండుదేశములు మైత్రితో సాధించుకొనిన కార్యమిది. అందుచేతనే ఎనిమిదేండ్ల యోపిక అవసరమయ్యెను.

సరిగా రెండేండ్లకు, 1956 నవంబరు 1వ తేదీననే, తెలంగాణముతో కూడి ఆంధ్రప్రదేశము అవతరించెను. కేరళ, మైసూరు రాష్ట్రములును ఆనాడే క్రొత్తరూపము దాల్చెను. యానాము మాత్రము పుదుచ్చేరితోనే నిలిచెను. తదనంతరము 2014 జూను 2వ తేదీన తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమయ్యెను. కూడుటకును విడిపోవుటకును తేదీలు సాక్షులే గాని కర్తలు కావు.

ఈ సందర్భమున ఒక విషయము స్మరింపదగినది. 1948 డిసెంబరు 11వ తేదీన ఆంధ్రవిశ్వకళాపరిషత్తు తన స్నాతకోత్సవమున, ఉపాధ్యక్షులగు కట్టమంచి రామలింగారెడ్డిగారి పేర నెలకొన్న జాతీయ బహుమానమును శ్రీ అరవిందులకు సమర్పించెను. వారు పుదుచ్చేరి విడిచి రాలేదు గాని సందేశమును పంపిరి. భాషలనుబట్టి రాష్ట్రముల నేర్పరచు ప్రశ్న ఆనాడు తీవ్రముగా చర్చింపబడుచుండెను. ప్రాంతముల వైవిధ్యము దేశమునకు సంపదయే. అయితే ఆ వైవిధ్యము ఐక్యతను బలిగొనరాదు – ఇది వారి సందేశమునందలి ప్రధానభావము. తెలుగువారికి రెండు రాష్ట్రములున్న ఈ కాలమునను ఆ మాటకు విలువ తగ్గలేదు.

మూడు విధములైన సంబంధములు

ఇంతవరకు చూచిన ఉదాహరణములను పరిశీలించినచో, ఒకే తేదీన జరిగిన సంఘటనల నడుమ మూడు విధములైన సంబంధములు కనబడును.

మొదటిది సంకల్పకృతము. మనుష్యులు తెలిసి కూర్చిన కలయిక. 1930 జనవరి 26న సంపూర్ణస్వరాజ్యదినము జరుపబడినది గనుకనే, 1949 నవంబరులో ఆమోదింపబడిన రాజ్యాంగము 1950 జనవరి 26వరకు వేచి అమలునకు వచ్చెను. 'ఆర్య' పత్రిక జన్మదినమున వెలువడుటయు నిట్టిదే. భద్రాచలమున సీతారాముల కల్యాణమును శ్రీరామనవమినాడు జరుపుట దీనికి ఉత్తమోదాహరణము. వాల్మీకి మహర్షి ఆ వివాహము ఉత్తరఫల్గునీ నక్షత్రమున జరిగినట్లు వర్ణించెను. అయినను స్వామి జన్మతిథినాడే పెండ్లి చేసి కన్నులార చూడగోరిన తెలుగు భక్తుల ప్రేమ, రెండు మంగళములను ఒకచోటికి చేర్చెను. ఇచ్చట కలయికకు కారణము భక్తి. అది దాచుకొనదగినది కాదు, గర్వింపదగినది.

రెండవది వ్యావహారికము. కేవలము అంకెల కలయిక. 1769 ఆగష్టు 15న నెపోలియన్ జన్మించెను. 1948 ఆగష్టు 15న దక్షిణకొరియా గణతంత్రము స్థాపింపబడెను. 1960 ఆగష్టు 15న ఆఫ్రికాలో బ్రజావిల్ రాజధానిగాగల కాంగో స్వతంత్రమయ్యెను. 1975 ఆగష్టు 15న బంగ్లాదేశమున షేక్ ముజిబుర్ రహమాను కుటుంబసహితముగా హత్యచేయబడెను. సంవత్సరమునకు దినములు 365 మాత్రమే. చరిత్రలో సంఘటనలు లెక్కకు మించినవి. కావున ప్రతిదినమునను మంచియు చెడుగు ప్రోగుపడక తప్పదు. ఒక సభయందు 23 మంది కూడియున్నచో, వారిలో ఏ యిరువురి జన్మదినమైనను ఒక్కటియే యగుటకు సగమునకు మించిన అవకాశము కలదని గణితశాస్త్రము నిరూపించుచున్నది. వినువారికి ఇది యాశ్చర్యముగా తోచును. మానవబుద్ధి కలయికల సంఖ్యను తక్కువగా అంచనావేయుటయే ఆ యాశ్చర్యమునకు కారణము.

మూడవది భావగోచరము. ఎవరును కూర్పని కలయికయందు, ఒక జీవితము తన కర్తవ్యమునకు పిలుపును గుర్తించుట. వైశాఖపూర్ణిమనాడే బుద్ధభగవానుని జననము, సంబోధి, పరినిర్వాణము జరిగినవని బౌద్ధులు విశ్వసింతురు. వారికి ఆ నిండుచంద్రుడు ఆ మహాజీవితపు పరిపూర్ణతకు గుర్తు. శ్రీ అరవిందులు 1947 ఆగష్టు 15ను గ్రహించిన తీరును ఈ కోవలోనిదే.

సిద్ధాంతము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. యాదృచ్ఛికమా, దైవసంకల్పమా?

ఈ ప్రశ్న అడుగు విధముననే ఒక లోపమున్నది. లౌకికకారణము కనబడినచోట దైవము లేదనియు, కారణము కనబడనిచోటనే దైవమున్నదనియు ఇది ఊహించుచున్నది. వేదాంతమునకు ఇది సమ్మతము కాదు. మౌంట్‌బాటన్ మనస్సున మెదలిన జ్ఞాపకమును, చట్టసభలోని చర్చయు, జ్యోతిష్కుల యాక్షేపణయు, అన్నియు ఈశ్వరుని సృష్టిలోనివే. గీతయందు భగవానుడు తానే కాలస్వరూపుడనని విశ్వరూపసందర్శనవేళ అర్జునునకు తెలిపెను. కాలమంతయు ఆయనదైనపుడు ఒక్క ఆగష్టు 15 మాత్రమే ఆయనది యగుట యెట్లు? పదునాలుగవ తేదీ ఎవరిది? ఒకదినమును దైవముద్రితమని చెప్పి తక్కినవానిని అనాథలుగా విడుచుట భక్తి కాదు, భక్తియందలి కొరత.

మరి శ్రీ అరవిందులు అట్లేల పలికిరి? వారి మాటను వారి జీవితముతో కలిపి చదువవలెను. వారు ఆ కలయికనుండి తమకొక గౌరవమును కోరలేదు; భవిష్యత్తును జోస్యముగా చెప్పలేదు; దినమునకు పూజావిధిని కల్పింపలేదు. దానిని ఒక్కమాటలో పేర్కొని, సందేశమున తక్కిన భాగమంతయు ఇంకను చేయవలసిన కార్యమునకు వినియోగించిరి. దేశము విభక్తమైనదన్న దుఃఖమును, ఆశయములు అసంపూర్ణములన్న సత్యమును అందు మరుగుపరుపలేదు. సంకేతము వారికి విశ్రాంతి కాలేదు, బాధ్యత యయ్యెను. నిజమైన సంకేతమునకు ఇదియే గుర్తు. పనిని పెంచునది సంకేతము. గర్వమును పెంచునది భ్రాంతి.

వారి జీవితముననే వేరొక దృష్టాంతము కలదు. 1926 నవంబరు 24వ తేదీ వారి సాధనయందు సిద్ధిదినముగా పేర్కొనబడుచున్నది. ఏటేట ఆ దినమున వారు భక్తులకు దర్శన మొసగుచుండిరి. 1938లో ఆ దర్శనమునకై దూరప్రాంతములనుండి జనులు వచ్చి చేరియుండగా, 24వ తేదీ తెల్లవారకముందే వారు గదిలో జారిపడి కుడితొడ యెముక విరిగెను. దర్శనము ఆగిపోయెను. సిద్ధిదినమున సిద్ధపురుషునకు ఇట్టి కష్టమా యని వ్యాకులపడినవారు ఉండియుందురు. ఆయనయో శయ్యపై నుండియే బాధను శాంతముగా సహించిరి. క్రమముగా తమ రచనాకార్యమునకు మరలిరి. మరుసటి సంవత్సరమునుండి ఏప్రిలు 24వ తేదీ మరియొక దర్శనదినముగా చేర్చబడెను. శుభదినమున వచ్చిన దుఃఖమును చూచి వారు దినమును నిందింపలేదు, విశ్వాసమును సడలింపలేదు.

పుదుచ్చేరిలో బలియైన ఆ సేవకుని విషయమునను సమాధానము ఈ దిశయందే దొరకును. శుభదినము మనుష్యుని ద్వేషమునుండి రక్షించు కవచము కాదు. ద్వేషమును జయించుట మనుష్యుని పని. దైవము దినము నిచ్చును. ఆ దినమును పతాకముతో నింపుటయో, రక్తముతో తడుపుటయో మనుష్యుని స్వేచ్ఛకే విడువబడినది. ఆనాడు ఢిల్లీయందు ఉత్సవము చేసినవారికిని, కలకత్తాలో ఉపవసించిన మహాత్మునకును, పంజాబులో కత్తిదూసినవారికిని దొరికిన ఘడియలు ఇరువదినాలుగే.

సాధకునకు

మన పెద్దలు ప్రతి పుణ్యకార్యమునకు ముందు సంకల్పము చెప్పు ఆచారమును ఏర్పరచిరి. అందు కల్పము మొదలు తిథివార నక్షత్రములవరకు కాలమును, ద్వీపము మొదలు నిలిచియున్న నదీతీరమువరకు స్థలమును స్మరించి, తుదకు తాను చేయబోవు కార్యమును చెప్పుకొందురు. ఈ వరుసను గమనింపుడు. దినమును స్మరించుటతో సంకల్పము ముగియదు. కార్యమును చెప్పుటతో ముగియును. కార్యము లేని సంకల్పము ఉత్తరము లేని కవరు వంటిది. పై విలాసము ఎంత చక్కగా వ్రాసినను లోన నేమియు లేదు.

కావున స్మరణీయదినము వచ్చినపుడు సాధకుడు మూడు పనులు చేయవలెను. మొదట ఆ దినమున జరిగినదానిని యథార్థముగా తెలిసికొనవలెను. శుభముతోపాటు దుఃఖమును, గెలిచినవారితోపాటు మిగిలిపోయినవారిని కూడ స్మరింపవలెను. ఆగష్టు 15న పతాకమునకు వందనము చేయునపుడు, ఆనాడు చెరసాలలో నున్న తెలంగాణపు దేశభక్తులను, వేచియుండిన యానాము ప్రజలను, ఇల్లు కోల్పోయిన శరణార్థులను తలచుకొనుట దేశభక్తికి లోపము కాదు, నిండుదనము. రెండవది, కలయికలను వెదకి సంతోషించు కుతూహలమును మితముగా నుంచవలెను. తన పుట్టినదినమున ఎవరెవరు పుట్టిరో లెక్కించుటవలన ఎవడును వారి గుణములకు వారసుడు కాడు. మూడవది, ఆ దినము తనపై ఉంచిన ఋణమును గుర్తించి, అందులో కొంతయైనను తీర్చునట్టి యొక చిన్నకార్యమును ఆనాడే చేయవలెను. పొరుగువానితో తెగిన మాట కలుపుటయైనను సరియే. ఐక్యమును కోరిన మహనీయుని జయంతినాడు అంతకంటె తగిన పూజ లేదు.

ఇట్లు గడపినవానికి ప్రతితేదీయు పుణ్యతిథియే. శ్రావణమైనను అధికశ్రావణమైనను, శుక్లపక్షమైనను బహుళపక్షమైనను, కాలస్వరూపుడగు భగవానుని వదనమునే యాతడు చూచును. అట్లు గడపనివానికి సంవత్సరమందలి పర్వదినము లన్నియు గోడపై వ్రేలాడు కాగితములు మాత్రమే. నెల తిరిగినంతనే చినిగిపోవును.